డిలీటెడ్ అనే రికార్డు రూము

వేంకటాచలం గారు ముప్ఫై మూడేళ్లు ఏలూరులో సర్కారు కొలువు చేసి సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. ఆ కొలువులో ఒంటబట్టిన అలవాటు ఒకటుంది. పని తేలిన కాగితం బల్ల మీద ఉండకూడదు, రికార్డు రూముకు పోవాలి. అక్కడికి చేరిన కాగితాన్ని ఎవరూ ముట్టుకోరు. ఇరవయ్యేళ్ల తరవాత అడిగినా దుమ్ము దులిపి తెచ్చిస్తారు.

ఇంట్లో కంప్యూటరు కొన్నాక మెయిల్ ప్రోగ్రాములోనూ ఆయన అదే పద్ధతి పెట్టారు. ఆయన రిటైరయ్యేనాటికి భార్య ఉమాకుమారికి ఇంకా ఏడేళ్ల సర్వీసుంది. తాడేపల్లిగూడెంలో లెక్కల టీచరు. రోజూ రైల్లో వెళ్లి వచ్చేది. ఫోనులో చెబితే మరిచిపోతారని మధ్యాహ్నం స్కూలు ల్యాబులో కూర్చుని రెండు ముక్కలు మెయిల్ చేసేది.

‘బీరకాయలు తీసుకోండి. చేదు చూసి మరీ.’

‘బండి లేటు. దెందులూరులో ఆపేశారంటే నా కోసం చూడకండి, తినేయండి.’

బీరకాయలు తెచ్చేవారు. పని తేలింది కదా అని ఆ మెయిల్‌ను డిలీటెడ్ అనే ఫోల్డరులోకి పంపేవారు. అలా వెయ్యికి పైనే చేరాయి.

ఆమె పోయి నాలుగేళ్లయింది. పొద్దున్నే కాఫీ తాగి ఆ ఫోల్డరు తెరిచి, ఏదో ఒక మెయిల్ చదువుకోవడం ఆయన దినచర్య. ప్రోగ్రాము మొండిది. పాస్‌వర్డ్ ఇచ్చాక మళ్లీ అడుగుతుంది, పంపిన మెయిల్‌నే మూడుసార్లు పంపుతుంది, మధ్యలో బిగుసుకుపోతుంది. అయినా ఆయన దాన్ని ఒక్క మాట అనలేదు. తన మనిషి ఉత్తరాలను అది దాచిపెడుతోంది, ఆ మాత్రం సణుగుడు ఓర్చుకోవచ్చు అనుకునేవారు.

సోమవారం పొద్దున ప్రోగ్రాము తనంతట తాను కొత్తగా తయారై తెరుచుకుంది. ఫోల్డరు ఖాళీగా ఉంది.

మరదలి కూతురు సింధూర అదే వీధిలో ఉంటుంది, కాలేజీలో కంప్యూటర్లు చెబుతుంది. కబురందగానే వచ్చి గంటసేపు వెతికింది.

“అప్‌డేట్‌లో ఒక సెట్టింగు మారింది పెదనాన్నగారూ. మూసినప్పుడల్లా డిలీటెడ్ ఖాళీ చేసేస్తోంది.”

“నన్ను అడక్కుండానా?”

“అది చెత్తబుట్ట కదండీ. అడగదు.”

“చెత్తబుట్టయితే పదకొండేళ్లు ఎందుకు దాచిందమ్మా? మొదటి రోజే పారెయ్యొచ్చుగా. నమ్మించి చేసింది.”

“సర్వర్లో కాపీ ఉందేమో చూశాను. దింపుకోగానే అక్కడ తీసేసేలా పెట్టారు.”

“మెయిల్‌బాక్స్ నిండిపోతోందని నేనే పెట్టాను. మరి మీ పెద్దమ్మ అకౌంటో?”

“ఎవరూ తెరవక ఎప్పుడో మూతపడిందండీ.”

బ్యాకప్ తీసుకోమని సింధూర ఆయనకు ఎన్నోసార్లు చెప్పింది. ఇప్పుడు ఆ మాట ఎత్తలేదు. లేచి వెళ్లి కాఫీ కలిపి తెచ్చింది. చక్కెర కూడా సరిగ్గా ఆయనకు పట్టినంతే వేసింది.

“మీరు పంపినవి మాత్రం ఉన్నాయి,” అంది ఇంకో ఫోల్డరు తెరిచి. “కింద పెద్దమ్మ రాసింది లేదు. జవాబులో పాత మెయిల్ రాకుండా పెట్టుకున్నారేంటండీ?”

“ఒకే మాట రెండుసార్లెందుకని.”

ఇద్దరూ చదవసాగారు. ‘తెచ్చాను. ఒకటి కొరికి చూశాను, చేదు లేదు.’ ‘గొడుగు తీసుకుని స్టేషనుకు వస్తున్నా.’ ‘ముదురు బెండకాయలే దొరికాయి, కోప్పడకు.’ ఒక్కో జవాబుకూ ఆమె ఏమడిగిందో ఆయన చెబుతుంటే సింధూర నవ్వింది. ఆయనా కాస్త నవ్వారు.

ఆమె చివరి సంవత్సరంలో ఆయన పంపిన జవాబు ఒకటి కనిపించింది. ‘అలా అనకు ఉమా. నాకేం విసుగు లేదు.’

ఆయన ఆగిపోయారు.

“పెద్దమ్మ ఏం రాసిందండీ?” అని మెల్లగా అడిగింది సింధూర.

“గుర్తు లేదమ్మా,” అన్నారాయన. “ఇందులో ఉంటుంది కదా అని నేను గుర్తుపెట్టుకోలేదు.”