ఎడమకు లాగే కారు

ముందు టైరు లోపలి అంచు అరిగిపోయిందని చూపిస్తే, "స్టీరింగ్ తిన్నగా పట్టుకోవడం నీకింకా రాలేదు" అన్నారు మా ఆయన. పాపను బడిలో దింపడం, అత్తయ్యను ఆసుపత్రికి తీసుకెళ్లడం, సరుకులు, ఆ తర్వాత నా ఆఫీసు. వారమంతా కారు నా చేతిలోనే ఉంటుంది. అయినా కారు సంగతి తెలిసింది మాత్రం ఆయనకే. ఎడమకు లాగుతోందని ఎన్నిసార్లు మొత్తుకున్నా, లాగేది కారు కాదు, నువ్వే అనేవారు. వినగా వినగా నేనూ నమ్మేశాను. చేతులు బిగబట్టి నడిపి, ఇంటికొచ్చి భుజాలకు మందు రాసుకుని వంటింట్లోకి వెళ్లేదాన్ని.

ఆఫీసులో నన్ను ఊరి అవతలి శాఖకు మేనేజరుగా వేస్తామన్నారు. వెళ్లాలంటే హైవే మీద నడపాలి. నీ డ్రైవింగుకు హైవే కూడానా, వద్దని చెప్పెయ్ అన్నారాయన, ఫోన్లోంచి తల ఎత్తకుండానే. చెప్పేద్దామనే అనుకున్నాను.

మర్నాడు ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా పోతూ, ఒక్క క్షణం స్టీరింగ్ వదిలి చూశాను. కారు దానంతటదే ఎడమ గట్టు వైపు తిరిగింది. నా చేతులు నా ఒళ్లోనే ఉన్నాయి.

ఆదివారం ఆయన బయటికెళ్లగానే కొలతల టేపు, సుద్దముక్క తీసుకుని వాకిట్లోకి వచ్చాను. చక్రాల్లో గాలి సమానంగా ఉందో లేదో చూసి, స్టీరింగ్ తిన్నగా పెట్టి, ముందు టైర్లు రెండింటి మీదా నడిమధ్య గీత గీశాను. గీతకూ గీతకూ మధ్య కొలవాలి. టేపు రెండో కొస పట్టుకునేవాళ్లు లేరు. మెట్ల మీద కూర్చున్న అత్తయ్య, వాడు చూస్తే నవ్విపోతాడని గొణుగుతూనే దిగివచ్చి, కొస పట్టుకున్నారు.

టైర్ల ముందు వైపు కొలిచాం. గేరు తీసి, గీతలు వెనక వైపుకు వచ్చేదాకా కారును ముందుకు తోసి, అదే ఎత్తులో మళ్లీ కొలిచాం. రెండూ దాదాపు సమానంగా ఉండాలి; ముందు ఎక్కువ, వెనక తక్కువ వచ్చింది. చక్రాలు ముందుకు విచ్చుకుని ఉన్నాయి. లోపలి అంచులు అరగవా మరి!

"అంటే తప్పు కారుదా?" అన్నారు అత్తయ్య.

"కారుదే, అత్తయ్యా."

ఆవిడ టేపు కొస వదిలి లేచి నిలబడ్డారు. "నా కుట్టు వంకరగా పోతోందని మీ మావయ్య జన్మంతా నవ్వారు. మిషను సంగతి ఎవరూ చూడలేదు" అని, టేపు మళ్లీ అందుకున్నారు. "ఇంకోసారి కొలువమ్మాయ్."

అదే తేడా.

ఆయన వచ్చి విని, టేపుతో తేలే సంగతా ఇది అని నవ్వారు. నవ్వు ఆగేదాకా ఉండి, టైర్ల షాపుకు కారును నేనే తీసుకెళ్తానన్నాను. మర్నాడు అక్కడ చక్రాల తీరు కొలిచే మిషను కూడా అదే చెప్పింది. సరిచేశాక హైవే మీదికి తిప్పాను. కారు తిన్నగా పోయింది. భుజాలు వాటంతటవే దిగాయి.

పక్కన ఆపి మా ఆఫీసరుకు ఫోన్ చేసి, ఆ శాఖకు వెళ్తున్నానని చెప్పాను.

"ఇంట్లో అడిగారామ్మా?" అన్నారు ఆఫీసరు.

"చెప్తానండీ" అన్నాను.