రెండో కోటు

ఈ ఊళ్లో సగం గోడలకు రంగు వేసింది నేనే. అలాంటి నా ఇంట్లో మా ఆవిడ వాటర్ కలర్స్‌తో పూల బొమ్మలు మొదలుపెట్టింది. పక్షవాతం వచ్చాక ఆమె కుడిచేతి వేళ్లు ముడుచుకోవడం మానేశాయి. చెయ్యి లేస్తుంది, పట్టు మాత్రం ఉండదు. నోటికి ఏ రోగమూ రాలేదు, అది నా ఖర్మ.

ఫిజియోథెరపీ అమ్మాయి మొహమాటం లేకుండా చెప్పింది. "ఆంటీ, పట్టు వస్తే ఈ కొద్ది నెలల్లోనే రావాలి. తర్వాత కష్టం. మీకు ఇష్టమైన పనేదైనా ఆ చేత్తోనే చెయ్యండి."

నేను వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకున్నాను. ఆవిడకేమో పూలు గుర్తొచ్చాయి. వసంతం కదా, పెరట్లో తెల్ల లిల్లీలు విరగబూశాయి. నేను రోజూ బ్రష్షును ఆమె అరచేతికి గుడ్డపేలికతో కట్టేవాణ్ని. ఆమె భుజం నుంచి చెయ్యి ఊపుతూ రంగు పూసేది.

మొదటి బొమ్మ చూసి, "ఇది పువ్వా, చచ్చిన కోడా?" అన్నాను.

"నీ మొహంలా ఉందిలే, నోరుముయ్" అంది.

ఒక మధ్యాహ్నం ఆమె నిద్రపోతుంటే బల్ల మీది షీటు చూశాను. ఆకుపచ్చ రంగు బాగానే పడింది. మధ్యలో మాత్రం అక్కడక్కడా ఖాళీలు! పాపం, చెయ్యి లాగేసి ఆపేసిందనుకున్నాను. సగంలో వదిలేసిన పని చూస్తే నాకు ఒళ్లు మంట. అంచుల దాకా, ఎక్కడా తెల్ల మచ్చ కనపడకుండా అదే ఆకుపచ్చ రెండు కోట్లు కొట్టి, నా పనితనానికి నేనే మురిసిపోయాను.

ఆవిడ లేచొచ్చి, షీటు చేతిలోకి తీసుకుని కెవ్వుమంది.

"నా పూలేవి?"

"ఏ పూలు? ఖాళీలుంటే టచప్ చేశా."

"ఆ ఖాళీలే పూలయ్యా! తెల్లపూలకి రంగెయ్యరు, కాగితం అలాగే వదిలేస్తారు. వారం రోజులు వాటి చుట్టూ ఎంత జాగ్రత్తగా వేశాననుకున్నావ్? నువ్వూ, నీ గోడల బుద్ధీ!"

"వెయ్యకపోవడం కూడా వెయ్యడమేనా? ఆ లెక్కన నేను ముట్టని గోడలన్నీ నా పనితనమేనే!" అంటూ ఆ ఘనకార్యాన్ని దగ్గరగా చూద్దామని వంగాను.

అంతే, నా చెవి దొరకబుచ్చుకుని మెలిపెట్టింది. కళ్లముందు చుక్కలు కనిపించాయి. "అమ్మో!" అని అరుస్తూ తల తిప్పితే, ఆమె ఎడమచేతిలో షీటు అలాగే ఉంది.

మరి నా చెవి పట్టుకున్నది?

ఆవిడకింకా తెలియలేదు, తిట్లలో మునిగి ఉంది. నాకు ఏడుపొచ్చేసింది.

"ఏమయ్యా, అంత నొప్పెట్టిందా?" అంటూ వదలబోయింది.

"వదలకే" అన్నాను. "ఇంకా గట్టిగా మెలిపెట్టు."