అకనిసి ఫ్రీజర్లు

మా బావ ఇలైతియాకి సువా పట్నం యూనివర్సిటీలో ఏడాది ఉద్యోగం దొరికింది. ప్రతి భవనంలోనూ కరెంటు వాడకం తగ్గించడమే పని. డిసెంబరుకి అన్నిట్లోనూ అయిదో వంతు తగ్గితే ఉంచుతారు, లేకపోతే పడవెక్కి మా దీవికి పొమ్మంటారు. అక్టోబరుకి అన్నీ దారికొచ్చాయి, మా సముద్రశాస్త్రం వాళ్ల చిన్న భవనం తప్ప. మా భవనం మీటరు మాత్రం దయ్యం పట్టినట్టు తిరుగుతూనే ఉంది.

కారణం ఎవరికి తెలీదు? టీ గదిలో రెండు పాత ఫ్రీజర్లున్నాయి. మూతల రబ్బరు ఎప్పుడో ఊడిపోయింది. ఆ గది నడిపేది ఇలైతియా సొంత అక్క, మా అకనిసి వదిన. దీవి నుంచి చేపలతో దిగిన ప్రతి చుట్టమూ "కాస్త చోటివ్వమ్మా" అంటాడు. అడిగితే లేదనడం మా ఇంటావంటా లేదు.

మరి అక్కకి చెప్పొచ్చుగా అంటారా? మాలో ఈడొచ్చాక అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ ఎదురుపడి మాట్లాడుకోరు. అది మర్యాద. ఒకరి మాట ఒకరికి చేరవేసేది నాలాంటి మేనమామ కూతుళ్లే. అయితే చుట్టాల చేపలు తీసెయ్యమని అక్కకి కబురు పెట్టడానికి కూడా అతనికి నోరు రాలేదు. కక్కలేక మింగలేక గోడల నిండా కాగితాలు అంటించాడు: "అవసరం లేనివి ఆపండి."

వదిన ఆ కాగితం చదివి నిజంగానే ఆపేసింది. లైటు ఆపింది, కెటిల్ ఆపింది, చివరికి ఫ్యాను కూడా.

"వాసే, మీ బావకి చెప్పు," అంది నాతో, చెమట తుడుచుకుంటూ. "నావల్ల వాడికి మాట రాకూడదు."

"మరి ఆ ఫ్రీజర్ల మాట?"

"అవి అవసరమేగా. జనం చేపలు."

నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. ఆ జనంలో నేనూ ఉన్నాను. నావి మూడు వంజరాలు, బారెడేసివి, అందులోనే ఉన్నాయి.

నవంబరు మొదట్లో బావ నా బల్ల దగ్గరికొచ్చాడు. ముఖం పీక్కుపోయింది. "మరదలా, ఇల్లు ఖాళీ చెయ్యడానికి అట్టపెట్టెలేమైనా ఉన్నాయా?" అని అడిగాడు. రోజూ నన్ను ఉడికించే మనిషి, ఆ రోజు ఒక్క పరాచికమూ ఆడలేదు. నా మీద నాకే ఒళ్లు మండింది. తిన్నగా టీ గదికి వెళ్లి వదినకి అంతా చెప్పేశాను.

ఆవిడ ఫ్రీజరు మూత ఎత్తి, రబ్బరు ఊడిన అంచు తడిమి చూసింది. తరవాత అంది, "నీకెప్పట్నుంచి తెలుసు?"

"ఆగస్టు నుంచి."

"నాలుగు చేపల కోసం నా తమ్ముణ్ణి పడవెక్కించేదానివి."

"మూడే వదినా."

"సిగ్గులేకపోతే సరి." అంటూనే రెండు ప్లగ్గులూ పీకేసింది.

మర్నాడు శనివారం. భవనం వెనక గొయ్యి తవ్వి, రాళ్లు ఎర్రగా కాల్చి, నా వంజరాలతో సహా చేపలన్నీ, కర్రపెండలం, చేమదుంపలు ఆకుల్లో చుట్టి పూడ్చాం. చేపల సొంతదారులందర్నీ పిలిచి కూచోబెట్టి పెట్టింది వదిన. ఒక్కరూ నొచ్చుకోలేదు. తింటూ నొచ్చుకునేవాళ్లు మా దీవిలో ఇంకా పుట్టలేదు.

"ఈ పొగ కూడా లెక్కలో రాస్తావా బావా?" అన్నాను.

"రాస్తా. నీ పేరు మీద," అన్నాడు. హమ్మయ్య, మనిషి మళ్లీ మనిషయ్యాడు.

అప్పట్నుంచి వదిన దగ్గర చోటు అడిగినవాడికి కంచం దొరుకుతోంది. తెచ్చిన చేప ఆ పూటే వండి పెట్టేస్తుంది. లేదని ఎవరితోనూ అనలేదు. ఫ్యాను మాత్రం నేనే వేశాను.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం బావ టీ గదికొచ్చాడు. అక్క వైపు వీపు పెట్టి నా ఎదురుగా కూచున్నాడు. చేతిలో ఉత్తరం.

"మరదలా, మీ వదినకి చెప్పు. ఇంకో మూడేళ్లు ఉంచుతున్నారు."

రెండడుగుల దూరంలో గిన్నె తోముతున్న చేతులు ఆగిపోయాయి.

"వాసే," అంది వదిన. "మీ బావ పొద్దుట్నుంచి ఏమీ తిన్నట్టు లేడు. కూచోమను. వడ్డిస్తున్నానని చెప్పు."

అతని మాట ఆవిడకీ, ఆవిడ మాట అతనికీ, ఒక్క ముక్క వదలకుండా గట్టిగా చెప్పాను.