వేలు పెట్టని టిక్కు

మా ప్రచురణ సంస్థలో నా ఉద్యోగం వేలు పెట్టడం. నవ్వకండి. ఫలానా పుస్తకంలో ఫలానా పేజీ అని రచయిత ఫుట్‌నోట్ రాస్తే, ఆ పుస్తకం తెప్పించి, ఆ పేజీ తీసి, ఆ వాక్యం మీద ఎడమచేతి వేలు పెట్టి, అప్పుడు కుడిచేత్తో ప్రూఫు మీద ఎర్ర టిక్కు కొట్టాలి. ఇరవై రెండేళ్లుగా అందరి పుస్తకాల్లోనూ వేలు పెట్టి జీతం తీసుకుంటున్నాను.

ఈసారి పుస్తకం మా అక్క మొగుడిది. ఊళ్లోని గంటస్తంభం చరిత్ర. స్తంభం ఒక సాకు. ఆ గడియారాన్ని బిగించింది వాళ్ల నాన్నేనని అచ్చులో చూసుకోవాలన్నదే బావ ఆరాటమంతా. ఆయన బతికినన్నాళ్లూ ఆ మాటంటే జనం నవ్వేవారట. బావ చాట్‌బాట్‌ని అడిగాడు. పాత పట్టణ నివేదిక, రెండువందల పన్నెండో పేజీ అని, నాన్న పేరుతో సహా అది చేతిలో పెట్టింది. పుస్తకంలోని అరవై మూడు ఫుట్‌నోట్లూ ఆ బాట్ చూపిన బాటే.

ముద్రణ రోజు పొద్దున, ఆ పేజీ ఫోటో కూడా వేద్దామని గ్రంథాలయం నుంచి నివేదిక తెప్పించాను. నూట ఎనభై నాలుగు పేజీలకే అట్ట వచ్చేసింది.

కబురందుకుని బావ ఆయాసపడుతూ వచ్చాడు.

"అడుగు దాన్ని" అన్నాను.

ఫోన్లో అడిగాడు. క్షమించమంది, తొంభై ఏడో పేజీ అంది. తీశాను. మురుగుకాలవల కొలతలు. మళ్లీ అడిగాడు. మళ్లీ క్షమాపణ, ఈసారి నలభై ఒకటి. కుక్కల లైసెన్సులు. ఛీ! అబద్ధం కంటే ఆ పాకం కారే మర్యాదే ఎక్కువ అసహ్యం.

"ఇవి ఫుట్‌నోట్లు కావు బావా, పుట్టించిన నోట్లు."

బావ నవ్వలేదు. "మరి నువ్వు టిక్కు కొట్టావు కదరా?"

కొట్టాను. అరవై మూడూ కొట్టాను. అక్క మొగుడే కదా, ఈ ఎండలో గ్రంథాలయం దాకా ఎవడు పోతాడని, ఆ బాట్‌నే "ఇవన్నీ నిజమేనా?" అని అడిగాను. "నిజమే" అంది. అంతే, టిక్కు టిక్కుమని గడియారంలా కొట్టుకుపోయాను. దానికి సిగ్గు లేదు సరే, నాకేం రోగం? నా వేలు చూస్తే నాకే రోత పుట్టింది.

నివేదికని మొదటి పేజీ నుంచి వేలు పెట్టి చదివాను. బావ నిలబడే ఉన్నాడు. నూట ముప్ఫయ్యో పేజీలో వాళ్ల నాన్న పేరు దొరికింది. గడియారానికి వారానికోసారి కీ ఇచ్చే మనిషి. బిగించింది ఏదో కంపెనీ.

బావ ఆ లైను మీద తన వేలు పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు.

"కీ ఇచ్చాడా... బిగించానని చెప్పేవాడే మాతో."

కింద నుంచి ఫోర్‌మన్ కేకేశాడు. "సార్, మిషన్ ఎక్కించమంటారా?"

"దించెయ్!" అని అరిచాను.

"నాన్న అధ్యాయం తీసెయ్, ఈ ఒక్క లైనూ ఉంచు" అన్నాడు బావ, నా మొహం చూడకుండా. "మిగతావన్నీ నువ్వు చూస్తావా?"

"చూస్తాను బావా."

"ఈసారి వేలితోనేనా?"

ఎర్ర సిరా రబ్బరుకి పోదు. కొత్త ప్రూఫు తీయించి, ఒకటో ఫుట్‌నోట్ దగ్గర మొదలుపెట్టాను. బావ ఇంటికి వెళ్లలేదు. కుర్చీ లాక్కుని, నా వేలి వంకే చూస్తూ కూర్చున్నాడు.