నేలమాళిగలో నాన్న

నేను ఫోన్‌లో ఆడే ఈ ఆటలో చస్తే చచ్చినట్టే. ఎంత లోతుకు దిగినా, ఎన్ని కత్తులు కూడబెట్టినా, ఒక్క తప్పటడుగుతో అంతా పోయి మళ్లీ మొదటి అంతస్తే గతి. పైగా ఆ నేలమాళిగ ప్రతిసారీ దారులు మార్చేసుకుంటుంది. నాది అసలే దుడుకు స్వభావం. కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆడతానని నా వీరుడికి ‘నాన్న’ అని పేరు పెట్టాను.

మోకాలి ఆపరేషన్ అయి మంచం దిగలేని నాన్నకు, ఆ రోజు పన్నెండింటికి ఆసుపత్రికి భోజనం తీసుకెళ్లాను. ఆయన కునుకు తీస్తున్నారు. లేచేలోపు ఒక్క ఆట అనుకున్నాను. ఆయన లేచి రెండుసార్లు పిలిచారు. “ఒక్క నిమిషం నాన్నా” అన్నాను, రెండుసార్లూ. తొమ్మిదో అంతస్తు మరి, నేనెప్పుడూ చేరనంత లోతు. అక్కడ ఒక దిక్కుమాలిన గబ్బిలం నా కొంప ముంచింది.

తలెత్తేసరికి మూడైంది. నాన్న చెయ్యి చాచారు.

“ఫోనివ్వరా, అమ్మతో మాట్లాడాలి.”

ఇచ్చాను. తెర మీద చచ్చిన వీరుల జాబితా అలాగే ఉంది. ఆయన కళ్లజోడు పెట్టుకుని, వేలితో ఒక్కో వరుసా చదివారు. నాన్న, ఎలుకల చేతిలో మృతి. నాన్న, విషం తాగి మృతి. అలా నలభై మూడుసార్లు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఒక వరుస దగ్గర ఆయన వేలు ఆగింది.

“ఎలుకలూ పాములూ సరే. ఇక్కడ ఆకలితో పోయానేంట్రా?”

నేను తల దించుకున్నాను. భోజనం డబ్బా నా కాళ్ల దగ్గర, మూతైనా తీయకుండా, తెచ్చింది తెచ్చినట్టే ఉంది.