కుడి బుగ్గ

ఫోటోలాయన నోరు కెమెరా కన్నా ముందు పనిచేస్తుంది. పళ్ళెత్తు మనిషి వస్తే పెదవులు కలపమంటాడు. బట్టతల ఆసామి వస్తే కెమెరా కిందికి దించుతాడు. లావుపాటి ఆవిడ వస్తే కుర్చీ ఏటవాలుగా వేసి, "కాస్త పక్కకి తిరగండమ్మా, చీపురుపుల్లలా వస్తారు" అంటాడు. ఎవరి లోపం వాళ్ళకు కనబడకుండా ఇంటికి పంపడమే తన విద్య అని ఆయన నమ్మకం.

ఆ విద్యను కూతురి మీదా ప్రయోగించాడు. పిల్ల ఎడమ బుగ్గ నిండా కాఫీపొడి రంగు మచ్చ, పుట్టుకతో వచ్చింది. బోసినవ్వుల నాటి నుంచి పదమూడో ఏటి దాకా "చిట్టితల్లీ, ఇటు" అని చిటిక వేసి కుడి బుగ్గే తీశాడు. స్టూడియో గోడ మీద పిల్ల ఏటేటా పెరిగింది. మచ్చ మాత్రం పుట్టనే లేదు. చూసినవాళ్ళు ముద్దుగా ఉందంటే ఆయన పొంగిపోయేవాడు.

ఈ ఏడు బడివాళ్ళు తరగతి ఫోటో తీయమని ఆయన్నే పిలిచారు. పిల్లలంతా వరసల్లో నిలబడి తిన్నగా చూస్తున్నారు. కొసన ఉన్న కూతురు ఒక్కతే గోడకేసి తిరిగింది.

"చిట్టీ, ఇటు చూడమ్మా."

కదలలేదు.

"అది ఎప్పుడూ అంతే అంకుల్," అంది పక్కనున్న రెండుజడల పిల్ల. "క్లాసులో కూడా గోడవారే కూర్చుంటుంది. ఎవరైనా అటుపక్కకి వస్తే లేచిపోతుంది. మెడ పట్టేసిందేమో అనుకున్నాం మొదట్లో."

వరస వరసంతా కిసుక్కుమంది. టీచరమ్మ గదమాయించింది. కూతురు నవ్వలేదు, ఏడవలేదు, గోడనే చూస్తోంది. చేసేది లేక ఆయన అలాగే తీసేశాడు.

సాయంత్రం కూతుర్ని స్టూడియోకి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. తిన్నగా ఒక్కటి తీస్తానన్నాడు. పిల్ల కాదనలేదు. కానీ లైటు వెయ్యగానే మెడ తనంతట తానే తిరిగిపోయింది. గడ్డం పట్టుకుని ఇటు తిప్పాడు. చెయ్యి తీశాడో లేదో మళ్ళీ అటే.

"ఏంటే తల్లీ, నా దగ్గర కూడానా? నేనే కదా."

"నువ్వే కదా నేర్పింది."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "నీకేం తక్కువే? బంగారంలా ఉంటావు."

"ఏ వైపు?"

ఆయన చూపు గోడ మీది ఫోటోల మీదికి పోయింది.

"ఈ బుగ్గ కనబడేది చిన్నప్పటిది ఒక్కటుందా నాన్నా? ఉంటే చూపించు."

పాత పెట్టెలో ఎక్కడో ఉండాలన్న అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాడు.

"లేదమ్మా. నలుగురూ నిన్ను ఏమైనా అంటారేమోనని…"

"అప్పటికి ఎవరూ ఏమీ అనలేదుగా. నేను ఉయ్యాల్లో ఉన్నా."

ఆయన లైటు ఆర్పేశాడు. వచ్చి కూతురి ఎడమపక్కన నేలమీద చతికిలబడ్డాడు. ఆ బుగ్గను అంత దగ్గరగా చూసి ఎన్నేళ్ళయిందో. మచ్చ అంచున సన్నటి నూగు, చెవి కింద విడిగా ఇంకో చిన్న చుక్క. అది ఒకటి ఉందని ఆయనకు తెలియనే తెలియదు.

"ఏం చూస్తున్నావు?"

"నిన్నేనమ్మా."

పిల్ల అరచెయ్యి మెల్లగా లేచి బుగ్గను కప్పేసింది.

"ఇవాళ వద్దు నాన్నా," అంది.

సరేనన్నాడు. అక్కణ్ణుంచి మాత్రం లేవలేదు.