పొగగొట్టం మీద గోనెసంచి

ఎడారిలో చలిమంటేమిటని నవ్వేవాళ్లు దుబాయ్ అవతలి అల్ ఐన్‌లో ఒక జనవరి గడిపి చూడాలి. పొద్దుగూకేసరికి చలి ఎముకల్లోకి దిగుతుంది. అందుకే కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు యజమాని, కొత్త విల్లా కట్టించినప్పుడు, ముసలి తల్లి కోసం ముందుగదిలో గోడపొయ్యి పెట్టించాడు, పైన పొగగొట్టంతో సహా. పెట్టించాడే గానీ దాన్ని ఎలా చూసుకోవాలో ఆ పెద్దమనిషికేం తెలుసు? ఆ పని తోటమాలి పర్శరాములు నెత్తిన పడింది.

మెట్‌పల్లి పక్క పల్లె నుంచి వచ్చిన పర్శరాములు ఆ పొయ్యిని పసిబిడ్డను సాకినట్టు సాకాడు. పచ్చికట్టె పెడితే గొట్టంలో మసి జిగటగా పేరుకుంటుందని బాగా ఎండిన కట్టెలే వాడేవాడు. బూడిదను ఇనుప బకెట్లోకి ఎత్తి, పూర్తిగా చల్లారాకే చెట్లకు వేసేవాడు. పొయ్యి ముందు తివాచీ ఉంటే దూరం జరిపేదాకా ఊరుకునేవాడు కాదు. వేసవిలో ఇసుకగాలులు మొదలుకాగానే మిద్దె ఎక్కి గొట్టం మూతికి గోనెసంచి చుట్టి తీగతో బిగించేవాడు. చలి మొదట్లో దాన్ని విప్పి, ఖర్జూరమట్టల కట్టను తాడుకు కట్టి లోపల మసి దులిపేవాడు. ఆఖరున కాగితం వెలిగించి పొయ్యిలో పట్టుకునేవాడు. పొగ పైకి లాగితేనే కట్టె ముట్టించేది.

ఈ పనితనం చూసే కఫీల్ అతని తమ్ముడు లింబాద్రికి కూడా వీసా ఇస్తానని మాటిచ్చాడు. ఆ మాట తలుచుకుంటే చాలు, పర్శరాములుకు ఎండలో కూడా హాయిగా ఉండేది.

ఆ ఏడు చలి మొదట్లో ఖర్జూరపు చెట్టు దిగుతూ జారి కాలు బెణికించుకున్నాడు. సంచి విప్పి మసి దులపడానికి మిద్దె నేనెక్కుతాలే అన్నాడు వంటమనిషి హయాత్ బాషా. నెల్లూరు మనిషి. ఇద్దరూ దుబాయ్‌లో దిగిన నాటినుంచి ఒకటే గది, ఒకటే పొయ్యి మీద కూడు. జ్వరమొస్తే ఒకరికొకరు గంజి కాచిపోసుకున్నవాళ్లు.

సాయంత్రానికి అంతా అయిపోయిందన్నాడు బాషా. పర్శరాములు అలవాటుగా కాగితం తీసి అగ్గిపుల్ల గీయబోయాడు.

"నా మాట మీద నమ్మకం లేదా రాములూ?" అన్నాడు బాషా, ముఖం చిన్నబుచ్చుకుని.

పర్శరాములుకు సిగ్గేసింది. కాగితాన్ని నలిపి జేబులో పెట్టుకున్నాడు. కట్టె ముట్టించి తోటలోకి పోయాడు. జన్మలో అంత తెలివితక్కువ పని అతను మళ్లీ చేయలేదు.

నీళ్లు పెడుతుంటే కిటికీ సందుల్లోంచి పొగ కనిపించింది. కుంటుకుంటూ లోపలికి పరిగెత్తేసరికి ముసలమ్మ కుర్చీలో తల వాల్చేసి ఉంది. చంకల కింద చేతులు వేసి వాకిట్లోకి లాక్కొచ్చాడు. ఆసుపత్రిలో ప్రాణం దక్కింది. ఇంటి డ్రైవరు మిద్దె ఎక్కి, మసిబారిన గోనెసంచి తెచ్చి కఫీల్ కాళ్ల ముందు పడేశాడు. దాని మీద తీగ ముడి వేసవిలో పర్శరాములు వేసిందే.

ఇదెవరి పనని అడిగాడు కఫీల్. పర్శరాములు బాషా వైపు చూశాడు. తనంతట తనే చెబుతాడు కదా అని చూశాడు. అన్నలాంటివాణ్ణి తన నోటితో పట్టిచ్చేదేమిటని ఆగాడు. ఆ ఆగడమే కొంప ముంచింది. బాషా తల దించుకుని, ప్రతి ఏడూ ఎక్కేది ఇతనేనని అరబ్బీలో చెప్పాడు. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అంత పద్ధతిగా గొంతు కోయడం అందరికీ చేతకాదు.

అప్పుడు పర్శరాములు వచ్చీరాని మాటల్లో జరిగింది చెప్పబోయాడు. కఫీల్ ఇక చాలన్నట్టు చెయ్యెత్తి "ఖలాస్" అన్నాడు. మరునాడే ఊరికి పంపించేయమన్నాడు.

పొద్దున్నే పెట్టె కట్టుకుంటుంటే బాషా చపాతీల పొట్లంతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. 

"పొయ్యి సంగతి కాస్త చెప్పిపో రాములూ. నా బామ్మర్ది వస్తా ఉండాడు. నీ పని వాడికే."

"మా లింబాద్రికి ఇస్తనన్న వీసా మీదనా?"

బాషా తలూపి, చపాతీల పొట్లం అతని చేతిలో పెట్టాడు.  పర్శరాములుకు చెంప పగలగొడదామనిపించింది, ఏడుపూ వచ్చింది. ఏం చెప్పకుండా పోతే వీడికి తగిన శాస్తి అనుకున్నాడు. కానీ ఆ పొయ్యి ముందు కూర్చునేది బాషా కాదు, ముసలమ్మ.

లేచి ముందుగదికి నడిచాడు. కట్టె సంగతి, బూడిద సంగతి, సంచి సంగతి ఒకటొకటే చెప్పాడు. జేబులో ఇంకా నలిగి ఉన్న ఆ కాగితం తీసి వెలిగించి పొయ్యిలో పట్టుకున్నాడు. పొగ నిటారుగా పైకి పోయింది.

"గిది సూడకుండ కట్టె ముట్టియ్యద్దని చెప్పు నీ బామ్మర్దికి," అన్నాడు. "తీసిన అని ఎవడు చెప్పినా నమ్మద్దను. కలిసి తిన్నోడు చెప్పినా నమ్మద్దను."

చపాతీల పొట్లం పొయ్యి గట్టు మీదే వదిలేసి, బయట ఆగి ఉన్న పికప్ ఎక్కాడు.